బ్రౌజర్, సెర్చ్ ఇంజన్, వెబ్ చిరునామా
కంప్యూటర్ కొత్తగా నేర్చుకుంటున్న సభ్యులందరికీ నమస్కారం. ఇంటర్నెట్, బ్రౌజర్, గూగుల్ అన్నీ ఒకటేనా అని చాలామంది అడిగారు కనుక ఈ వివరణ రాస్తున్నాను.

ప్రపంచంలోని కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే వ్యవస్థ ఇంటర్నెట్. దాని మీద నడిచే సేవల్లో వెబ్ ఒకటి. 1989లో సెర్న్ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న టిమ్ బెర్నర్స్-లీ దీనిని ప్రతిపాదించారు. ఈమెయిల్ అంతకు ముందు నుంచే ఉంది. వెబ్ పేజీలను తెరిచి చూపే సాఫ్ట్‌వేర్ బ్రౌజర్. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ అలాంటివే. గూగుల్ సెర్చ్ మనకు కావలసిన పేజీలను వెతికిపెట్టే సెర్చ్ ఇంజన్.

అన్నిటికన్నా శ్రద్ధగా నేర్చుకోవలసింది వెబ్‌సైట్ చిరునామాను చదవడమని నా అభిప్రాయం. సైట్ ఎవరిదో తెలియాలంటే, మొదట్లో వచ్చే హెచ్‌టీటీపీఎస్ (https) అక్షరాలు, జంట ఏటవాలు గీతలు (//) వదిలి, ఆ తరువాత కనిపించే మొదటి ఏటవాలు గీతకు (/) ముందున్న పేరును చివరి నుంచి వెనక్కి చదవాలి. ఆదాయపు పన్ను శాఖ ఈ-ఫైలింగ్ సైట్ పేరు 'ఇన్‌కంట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్' అని ముగుస్తుంది. 'డాట్ గవ్ డాట్ ఇన్' ప్రభుత్వ సంస్థలకే కేటాయించినది. అదే మాట ముందు ఉండి, చివర మరేదో పేరు, డాట్ కామ్ కనిపిస్తే అది ఆ శాఖది కాదు. పక్కన తాళం గుర్తు ఉన్నా నమ్మకండి. మనం పంపే సమాచారం దారిలో ఇతరులు చదవలేరని మాత్రమే ఆ గుర్తుకు అర్థం, అవతల ఉన్నవారు నిజాయితీపరులని కాదు. ఒకవేళ మోసపోయి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేయండి.

అనుమానం కలిగిన లింకు ఏదైనా వస్తే, తెరవకుండా దాని స్క్రీన్‌షాట్‌ను గ్రూపులో పెట్టండి, కలిసి చదువుదాం.