మడకకు కట్టిన జత, మన పిల్లల గ్రూప్ ప్రాజెక్టు

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల సమావేశంలో ఎనిమిదో తరగతి అమ్మాయి నాన్న ఒకరు లేచి అడిగారు: "మేడమ్, సౌర కుటుంబం మోడల్ మా పాప ఒక్కతే రాత్రి 11 దాకా కూర్చుని చేసింది. మిగతా ముగ్గురూ థర్మాకోల్ బంతులు కొనుక్కొచ్చారంతే. నలుగురికీ తొమ్మిదేసి మార్కులు వేశారు. ఇదేం న్యాయం?" వెనక వరసలో నలుగురైదుగురు తలలూపడం నాకు కనిపించింది. "టీమ్ వర్క్ నేర్చుకోవాలి కదండీ" అని ఏదో సర్దిచెప్పి కూర్చున్నాను. ఇంటికెళ్లాక ఆ జవాబు నాకే నచ్చలేదు. ఈ నెల ఉత్తరం ఆయనకు నేను బాకీ పడ్డ జవాబు అనుకోండి.

వేసవిలో మా టీచర్లకు ఒక రోజు శిక్షణ జరిగింది. వచ్చినాయన తెర మీద ఆకాశంలో బారు తీరి ఎగిరే అడవి బాతుల బొమ్మ వేసి, కలిసి పనిచేయడం గురించి గంటసేపు మాట్లాడారు. చెప్పింది తప్పని అనను. కాకపోతే మా స్టాఫ్‌రూములో ఆ బాతుల్ని కళ్లతో చూసినవాళ్లు ఒక్కరూ లేరు. పక్కవాడితో కలిసి పొద్దస్తమానం బరువు లాగిన జీవాల్ని మాత్రం మాలో సగంమంది దొడ్లో చూస్తూ పెరిగాం. ఆయన బాతుల గురించి చెబుతున్నంతసేపూ నాకు మా నాయన ఎద్దులే గుర్తొచ్చాయి.

ఒకడు పుల్లోడు, ఇంకొకడు మైలోడు. రంగును బట్టి పెట్టిన పేర్లే. పుల్లోడు దాపట, మైలోడు ఎలపట. అంటే మడక (నాగలి) పట్టినవాడికి ఎడమ పక్క ఒకడు, కుడి పక్క ఒకడు. నాకు పదేళ్లప్పుడు ఒక పొద్దున నాయన కంటే ముందే చేనికి పోయి, గొప్ప పని చేస్తున్నాననుకుని, రెండింటినీ తెచ్చి కాడి దగ్గర నిలబెట్టాను, అటుదిటు, ఇటుదటు. నాయన వచ్చి చూశాడు. ఏమీ అనలేదు. అట్లే కట్టి అదిలించాడు. మైలోడు మెడ తిప్పి తిప్పి పుల్లోడి వంక చూస్తాడు. పుల్లోడు తన చోటు వెతుక్కుంటూ పక్కవాడి మీదికి ఒరుగుతాడు. పది బారలు పోయేసరికి మడక చాలు పాము పాకినట్టు వంకర్లు తిరిగింది. నాయన మడక ఆపి, "వాటి చోటు వాటికి తెలుసు పాపా, నీకే తెల్దు" అన్నాడు.

ఆ రోజు నేర్చుకున్నది ఒకటైతే, అసలు సంగతి నాకు అర్థమయ్యేసరికి డిగ్రీకి వచ్చాను. పుల్లోడు బలమైనవాడు. మైలోడికి వయసు మళ్లింది. ఇద్దర్నీ సమానంగా లాగమంటే మధ్యాహ్నానికల్లా మైలోడు చతికిలబడతాడు, ఆపైన పుల్లోడి బలం ఎందుకూ పనికిరాదు. అందుకని నాయన మడకను కాడిమానుకు కట్టే తాడును నట్టనడిమికి కట్టేవాడు కాదు. పుల్లోడి వైపు కొంచెం జరిపి కట్టేవాడు. గడకర్రకు బిందె వేలాడేసి ఇద్దరు మోస్తే, బిందె ఎవరికి దగ్గరగా ఉంటే వాళ్ల భుజమే కదా ఎక్కువ నొచ్చేది. అదే లెక్క. రెండు మెడల మధ్య 40 అంగుళాలు ఉంటే, తాడును 2 అంగుళాలు జరిపినా చాలు, బరువు వందకు 55, 45గా చీలిపోతుంది. నాయన ఈ లెక్క ఏ బళ్లోనూ చదవలేదు. జత రెండూ చేను గట్టుకు ఒకేసారి చేరుతున్నాయా లేదా అన్నదే ఆయన చూసుకున్న కొలత.

సాయంత్రం తొట్టి దగ్గర గడ్డి ఇద్దరికీ సమానం. ఉలవలు మాత్రం పుల్లోడికి ఒక గుప్పెడు ఎక్కువ. ఎందుకని అమ్మ అడిగితే, "మైలోడు అడగలే, నువ్వెందుకు అడుగుతావు?" అని నవ్వేవాడు.

ఆ నాన్నగారి ప్రశ్నకు నా జవాబు ఈ గుప్పెడు ఉలవల్లో ఉంది. మేం చేసిన తప్పు అందరికీ సమానంగా వేయడం ఒక్కటే అనుకోను. అసలు తాడు ఎక్కడ కట్టాలో చూడకపోవడం అంతకంటే పెద్ద తప్పు. నలుగురు పిల్లల పేర్లు హాజరు పట్టీ వరసలో రాసి, చేతిలో ఒక టాపిక్ పెట్టి, పదిహేను రోజుల తర్వాత తెమ్మన్నాం. కాడి వేసి వదిలేశాం. బలమున్న పిల్ల లాగింది. లేనివాళ్లు పక్కన నడిచారు, పాపం ఎలా లాగాలో ఎవరూ చెప్పలేదు మరి. థర్మాకోల్ బంతులు తెచ్చిన ముగ్గురిలో ఒకడికి గ్రహాల దూరాల్ని స్కేలుకు కుదించే లెక్క మా లెక్కల సార్ కంటే వేగంగా వచ్చు. వాడి చేత బంతులు కొనిపించాం.

కొత్త కోడెను కాడికి అలవాటు చేయాలంటే దాని పక్కన ఇంకో కోడెను కట్టరు. అనుభవమున్న ఎద్దును కడతారు. ముసలి ఎద్దు పక్కనుంటే ఎప్పుడు ఆగాలో, మలుపులో ఎంత తిరగాలో కోడెకు మెడ మీద తెలుస్తుంది. ఈ సంగతి మా స్టాఫ్‌లో ముందు మొదలుపెట్టాం. జూన్‌లో చేరిన ఇద్దరు కొత్త టీచర్లు మొదటి నెలంతా పాత టీచర్ల క్లాసుల్లోనే కూర్చున్నారు, ఆ తర్వాతే సొంత క్లాసు తీసుకున్నారు. ఫీజు కడుతున్నాం కదా, మా పిల్లలకు ఒకే పీరియడ్‌లో ఇద్దరు టీచర్లెందుకని ఒకరు ఫోన్ చేశారు. ఇందుకే.

ఇక పేరు ఎవరికి దక్కాలన్నది మిగిలింది. దీనికి మా చేను చాలదు, అమెరికాలోని అలాస్కా దాకా పోవాలి.

1925 జనవరిలో అక్కడి నోమ్ అనే ఊళ్లో పిల్లలకు డిఫ్తీరియా సోకింది. మన పెద్దవాళ్లు కంఠసర్పి అనే జబ్బు. మీ పిల్లలకు చిన్నప్పుడు వేయించిన టీకాల్లో దీనిదీ ఉంది. సముద్రం గడ్డకట్టింది, ఓడలు రావు. ఆ చలికి అప్పటి విమానాల్ని నమ్మలేరు. రైలు నెనానా అనే ఊరి దాకానే. అక్కడి నుంచి దాదాపు 1,085 కిలోమీటర్లు మంచు దారి. జనవరి 27 రాత్రి బయలుదేరిన సీరం (ఆ జబ్బుకు మందు) సీసాల్ని, కుక్కలు లాగే మంచు బండ్ల మీద 20 మంది బండివాళ్లు, సుమారు 150 కుక్కలు ఒకరి నుంచి ఒకరు అందుకుంటూ ఫిబ్రవరి 2 తెల్లవారుజామున నోమ్ చేర్చారు.

ఆ బండ్లకు కుక్కల్ని జతలు జతలుగా కడతారు. అన్నిటికంటే ముందున్నది దారి పట్టేది. దాని వెనకవి మలుపు తిప్పేవి. బండికి ఆనుకుని ఆఖరున ఉండే జతే అన్నిటికంటే గట్టివి. బండి కదిలేటప్పుడు మొదటి కుదుపూ, మలుపులో పక్కకు ఒరిగే బరువూ వాటి మీదే. ఫొటోల్లో ఎప్పుడూ ముందుదాని మొహమే పడుతుంది.

చివరి 85 కిలోమీటర్లు గన్నర్ కాసెన్ నడిపారు. ఆయన బండికి ముందున్న కుక్క బాల్టో. తుఫానులో ఆయనకు కళ్లు కనిపించని చోట కూడా అది దారి తప్పలేదు. పేపర్లన్నీ దాని పేరే రాశాయి. అదే ఏడు డిసెంబరులో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో దానికి కంచు విగ్రహం పెట్టారు. అయితే ఆ సీరంతో అందరికంటే ఎక్కువ దూరం, దాదాపు 146 కిలోమీటర్లు, గడ్డకట్టిన సముద్రాన్ని కూడా దాటి వచ్చింది లియోన్‌హార్డ్ సెప్పలా బండి. దాని ముందు టోగో, పన్నెండేళ్ల ముసలిది. సీరం అందుకోవడానికే అంతకుముందు నోమ్ నుంచి 270 కిలోమీటర్లు ఎదురు పరిగెత్తింది. న్యూయార్క్‌లో టోగోకు విగ్రహం వచ్చింది 2001లో. ఇక మిగిలిన 18 మంది బండివాళ్ల పేర్లు ఎవరికి గుర్తు?

బాల్టోను తక్కువ చేయబోవడం లేదు. దాని కష్టాలు దానికీ ఉన్నాయి. తర్వాత అదీ, తోటి కుక్కలూ ఒక తమాషా ప్రదర్శనలో చిక్కి బక్కచిక్కిపోతే, 1927లో క్లీవ్‌లాండ్ నగరంలో చందాలు పోగేసి విడిపించారు. ఆ చందాల్లో బడిపిల్లల చిల్లర కూడా ఉంది. ఈ ముక్క చెప్పగానే మా ఆరో తరగతి వాళ్లు చప్పట్లు కొట్టారు.

నా ఇబ్బంది వేరే. పోయినేడాది మన సైన్స్ ఫెయిర్‌లో నీళ్ల ట్యాంకు నిండగానే మోగే అలారానికి మొదటి బహుమతి వచ్చింది. జడ్జీల ముందు గడగడా చెప్పిన అబ్బాయి చేతికి కప్పు ఇచ్చి ఫొటో తీసి, దాన్నే ఈ వార్తాలేఖ మొదటి పేజీలో వేశాం. వైర్లు అతికించి, రెండుసార్లు చెయ్యి కాల్చుకుని, మోగని అలారాన్ని మోగించింది ఇంకొకడు. ఫొటోలో వాడి మోచేయి మాత్రం పడింది. ఆ ఫొటో ఎంపిక చేసింది నేనే. వాళ్లమ్మ నన్ను ఏమీ అడగలేదు, మైలోడిలాగే.

కాబట్టి ఈ టర్ము నుంచి కొన్ని మారతాయి. గ్రూపులు హాజరు వరసలో కాకుండా, ఎవరికి ఏది వచ్చో చూసి టీచర్లు వేస్తారు. ప్రాజెక్టుకున్న 10 మార్కుల్లో 6 జట్టు మొత్తానికి, 4 ఎవరి పనికి వాళ్లకి. ఎవరు ఏం చేశారో ప్రాజెక్టు డైరీలో పిల్లలే రాసి, మిగతా ముగ్గురూ దాని కింద సంతకం పెడతారు. అబద్ధాలు రాయరా అంటే రాస్తారు, రెండు మూడుసార్లు. నాలుగోసారికి పక్కవాడు సంతకం పెట్టడు. చెప్పేవాడు ఒక్కడే కాకుండా, జడ్జీ ఎవర్ని అడిగితే వాళ్లే చెప్పాలి.

ఎద్దులతో పిల్లల్ని పోల్చినందుకు కొందరికి కోపం రావచ్చు. ఈ పోలిక ఎక్కడ తెగుతుందో నాకు తెలుసు. ఎద్దుకు కాడి వద్దనే అవకాశం లేదు. మా నాయన చేతిలో ములుగర్ర ఉండేది, ఎంత మంచివాడైనా. బళ్లో ఆ కర్రకు చోటు లేదు. "నీ వల్ల గ్రూపు మార్కులు పోయాయి" అనే మాట కూడా ములుగర్రే, దాన్ని ఇంట్లో వాడకండి.

మన పక్కనే పలమనేరు దగ్గర ముసలిమడుగు శిబిరం ఉంది కాబట్టి పిల్లలు కుంకీ ఏనుగుల గురించి, అంటే శిక్షణ ఇచ్చిన మచ్చిక ఏనుగుల గురించి, అడుగుతూనే ఉంటారు. 2025 మేలో కర్ణాటక ప్రభుత్వం మన రాష్ట్రానికి నాలుగింటిని అప్పగించింది. చేలమీద పడే అడవి ఏనుగును ఇవి చెరో పక్క ఆనుకుని మళ్లిస్తాయి. పిల్లలకు ఏనుగులే కనిపిస్తాయి, నాకు మావటి కూడా కనిపిస్తాడు. ఏనుగు మాట వినాలంటే ముందు దాని మీద కూర్చునేవాడు నేర్చుకోవాలి. అందుకే గ్రూపులు ఎలా వేయాలో, పని ఎలా పంచాలో నేర్చుకోవడానికి వచ్చే రెండు శనివారాలు మధ్యాహ్నం మా టీచర్లు కూర్చుంటున్నారు. ఆ రెండు రోజులూ పిల్లల్ని 12:30కే ఇంటికి పంపుతాం, ఆటో వాళ్లకు ముందే చెప్పుకోండి. కనుమ నాడు ఎద్దులకే పని చెప్పం కనుక, సంక్రాంతి సెలవులకు ప్రాజెక్టులేవీ ఇవ్వం.

చివరగా ఒక సాయం. మీలో ఎవరింట్లోనైనా ఇంకా జత ఎద్దులుంటే ఒక శనివారం పొద్దున బడి మైదానానికి తోలుకొస్తారా? ఏడో తరగతిలో అడిగితే దాపట ఏదో, ఎలపట ఏదో చెప్పినవాళ్లు ముగ్గురే. మడక, కాడిమాను, తాడు మీరు తెండి. టేపు మేం తెస్తాం. ఉలవలు కూడా.

మీ
ప్రధానోపాధ్యాయురాలు