డిలన్: జనం పెదవి విరిచిన ఆల్బమ్‌లు

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్‌నే విందాం. కానీ అందరూ ఆకాశానికెత్తే అరవైల నాటి రికార్డులు వద్దు, తీసిపారేసినవి పెట్టుకుందాం.

ముందు 1970 నాటి 'సెల్ఫ్ పోర్ట్రెయిట్'. అప్పట్లో రోలింగ్ స్టోన్ పత్రికలో గ్రీల్ మార్కస్ సమీక్షను తిట్టుతోనే మొదలుపెట్టాడు. మొదటి పాటలో అసలు డిలన్ గొంతే ఉండదు! ఆడవాళ్ల కోరస్ రెండే లైన్లు మూడు నిమిషాల పాటు తిప్పి తిప్పి పాడుతుంది. ఆయన పాట కోసం కాచుక్కూర్చున్న వాళ్లకి ఒళ్లు మండదా మరి? అయితే పైన చేర్చిన వాద్యాలు తీసేసిన టేపులు కొన్ని 2013లో 'అనదర్ సెల్ఫ్ పోర్ట్రెయిట్'లో వచ్చాయి. అవి వింటే తప్పు గొంతుది కాదు, ఆ హంగులదని నాకనిపించింది. రెండూ పక్కపక్కన పెట్టి వినండి.

1986లో వచ్చిన 'నాక్డ్ ఔట్ లోడెడ్' మొత్తం మీద అతుకుల బొంతే. కానీ నాటక రచయిత శామ్ షెపర్డ్‌తో కలిసి రాసిన 'బ్రౌన్స్‌విల్ గర్ల్' అందులోనే ఉంది. 11 నిమిషాలు. హాలీవుడ్ నటుడు గ్రెగరీ పెక్ సినిమా ఒకటి గుర్తు చేసుకుంటూ మొదలై, ఎటెటో తిరిగి, మళ్లీ ఆ సినిమా దగ్గరికే వస్తుంది. దయచేసి మధ్యలో ఆపకండి.

1988 నాటి 'డౌన్ ఇన్ ద గ్రూవ్' మాత్రం నావల్ల కాదు. ఎవరికైనా నచ్చితే వచ్చి వాదించండి.

టైముంటే 1981 నాటి 'షాట్ ఆఫ్ లవ్' చివరి పాట కూడా. మీకు నచ్చినవేమైనా ఉంటే శనివారంలోపు ఇక్కడే పెట్టండి.