సీబీపీ ట్యూబును ఐస్‌లో పెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

వానలు పడి డెంగీ జ్వరాలు మొదలయ్యాయంటే అందరి నోటా ఒకటే ప్రశ్న: ప్లేట్‌లెట్లు ఎన్ని? నిన్న లక్షా ఇరవై వేలున్నవి ఇవాళ నలభై వేలని రిపోర్టు వస్తే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. ఆ పడిపోవడం ఒంట్లో జరిగిందా, రక్తం తీశాక ట్యూబులో జరిగిందా అని అడిగేవాళ్లు మాత్రం తక్కువ. రక్తం ఒక ఊళ్లో తీసి పరీక్ష ఇంకో ఊళ్లో చేసే పద్ధతి పల్లెల దాకా వచ్చిన ఈ రోజుల్లో అది తప్పక అడగాల్సిన మాట.

పొద్దున కలెక్షన్ సెంటర్లో తీసిన రక్తం చాలాసార్లు సాయంత్రానికి గానీ పట్నంలోని మెషీన్ ఎక్కదు. ఈలోగా అన్ని రంగుల మూతల ట్యూబులనూ కలిపి ఐస్ ప్యాకులున్న థర్మాకోల్ పెట్టెలో వేసేస్తారు. చల్లగా ఉంటే పాడవదన్న నమ్మకం. రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు, అంటే సీరంతో చేసే చాలా పరీక్షలకు అది సరైనదే. రక్తకణాలను లెక్కించే సీబీపీ పరీక్ష కోసం తీసే ఊదా మూత ట్యూబులోని ప్లేట్‌లెట్లకు మాత్రం చలే శత్రువు.

ఒంట్లో తిరిగే ప్లేట్‌లెట్ 2 నుంచి 3 మైక్రాన్ల వెడల్పున్న పలచటి బిళ్ల. దాని అంచు లోపల సైకిల్ టైరులా చుట్టుకుని ఉన్న మైక్రోట్యూబ్యూళ్లు అనే సన్నని ప్రొటీన్ గొట్టాలు ఆ ఆకారాన్ని నిలబెడతాయి. 20 డిగ్రీల కంటే బాగా కిందికి దిగితే ఆ చుట్ట విడిపోతుంది. బిళ్ల కాస్తా బంతిలా గుండ్రబడి, చుట్టూ సన్నని ముళ్లు పొడుచుకొస్తాయి. గాయమేమీ లేకుండానే గడ్డకట్టే పనికి సిద్ధమైపోతుందన్నమాట. బ్లడ్ బ్యాంకుల్లో ఎర్రకణాల సంచులను ఫ్రిజ్‌లో పెట్టినా, ప్లేట్‌లెట్ సంచులను 20–24 డిగ్రీల మధ్య, ఆగకుండా ఊగే అజిటేటర్ మీద ఉంచేది ఇందుకే. చలికి మారిపోయిన ప్లేట్‌లెట్లను ఎక్కిస్తే కాలేయం వాటిని త్వరగా ఏరిపారేస్తుంది. ఆ వెచ్చదనంలో బ్యాక్టీరియా పెరగొచ్చని తెలుసు కాబట్టే సాధారణంగా 5 రోజుల గడువు పెట్టారు.

ఫ్రిజ్‌లో పెట్టిన ప్రతి ట్యూబులోనూ లెక్క తప్పుతుందని నేను చెప్పడం లేదు. ఎక్కువమందిలో తేడా స్వల్పమే, హిమోగ్లోబిన్ అయితే దాదాపు చెక్కుచెదరదు. చిక్కంతా కొందరితో. సుమారు వెయ్యి మందిలో ఒకరి రక్తంలో, గడ్డకట్టకుండా ఊదా మూత ట్యూబులో వేసి ఉంచే ఈడీటీఏ కలిసినప్పుడు మాత్రమే ప్లేట్‌లెట్లకు అతుక్కునే యాంటీబాడీలుంటాయి. ఈడీటీఏ కాల్షియాన్ని లాగేసుకోవడంతో ప్లేట్‌లెట్ పైపొర మీది ఒక ప్రొటీన్ రూపం మారుతుంది, యాంటీబాడీలు అక్కడ పట్టుకుంటాయి. ఒంటి వేడి దగ్గర ఈ పట్టు బలహీనం. ట్యూబు చల్లబడేకొద్దీ, గంటలు గడిచేకొద్దీ బలపడి ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి. మనిషికి ఏ జబ్బూ ఉండదు, రక్తస్రావమూ ఉండదు. రిపోర్టులో మాత్రం ముప్పై వేలే ఉంటాయి.

మెషీన్ కణాలను సైజును బట్టి లెక్కపెడుతుంది. కణాల పరిమాణాన్ని కొలిచే అతి చిన్న కొలత ఫెమ్టోలీటరు; సుమారు 2 నుంచి 20 ఫెమ్టోలీటర్ల మధ్య ఉన్నదే దానికి ప్లేట్‌లెట్. పది కలిసి గుంపయితే ఆ పదీ లెక్కలోంచి పోతాయి, పైగా ఆ గుంపును తెల్లకణంగా లెక్కేసే ప్రమాదమూ ఉంది. డెంగీలో సాధారణంగా తెల్లకణాలు కూడా తగ్గుతాయి. ప్లేట్‌లెట్లు హఠాత్తుగా పడిపోయి తెల్లకణాలు అకారణంగా పెరిగినట్టు కనిపిస్తే ముందు ట్యూబునే అనుమానించాలి.

అలాంటప్పుడు టెక్నీషియన్ ట్యూబులో చిన్న గడ్డ ఉందేమో పుల్లతో వెతకాలి. గడ్డ ఉంటే ఆ శాంపిల్‌ను పారేసి మళ్లీ రక్తం తీయడమే, వేరే దారి లేదు. లేకపోతే స్మియర్ వేసి, అంటే రక్తపు చుక్కను గాజు స్లైడు మీద పలచగా పరిచి, ముందుగా దాని తోక అంచుల్లో గుంపులున్నాయేమో చూడాలి. గుంపులు లేకుంటే మైక్రోస్కోపు ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సు కింద పది ఫీల్డుల (ఒకసారికి కనబడే మేర ఒక ఫీల్డు) సగటు తీసి, ఫీల్డుకు ఒక ప్లేట్‌లెట్‌ను సుమారు 15 వేలుగా లెక్కవేస్తే మెషీన్ చెప్పిన అంకె నిజమో కాదో తెలిసిపోతుంది. గుంపులు కనిపిస్తే ఈడీటీఏ బదులు సిట్రేట్ ద్రవం ఉండే నీలం మూత ట్యూబులో గీత వరకు రక్తం నింపి, గది వేడిమిలోనే ఉంచి వెంటనే నడపాలి. ద్రవం కలిసి పలచబడుతుంది కాబట్టి వచ్చిన లెక్కను 1.1తో హెచ్చించాలి. చాలా రిపోర్టుల్లో మరిచిపోయేది ఈ హెచ్చింపే. కొద్దిమందికి సిట్రేట్‌లోనూ గుంపులు కడతాయి. వాళ్లకు అప్పుడే తీసిన రక్తాన్ని 37 డిగ్రీల దగ్గర ఉంచి ఆలస్యం లేకుండా లెక్కపెట్టడం మేలు.

రక్తం తీసేచోట జరిగే తప్పులు కూడా ఇలాంటి ఫలితాన్నే ఇస్తాయి. సూది కుదరక నెమ్మదిగా లాగిన రక్తం సిరంజిలోనే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ట్యూబులో పోసిన వెంటనే 8 నుంచి 10 సార్లు మెల్లగా తలకిందులు చేయాలి, గిలకొట్టకూడదు. ఆ తర్వాత నిలబెట్టి 20–25 డిగ్రీల దగ్గర ఉంచి, నాలుగైదు గంటల్లో మెషీన్ ఎక్కిస్తే మంచిది. ఆలస్యం తప్పదనుకుంటే స్మియర్‌ను అక్కడికక్కడే వేసి, ఆరబెట్టి ట్యూబుతో పాటు పంపాలి. పెద్ద ఖర్చేమీ లేదు, ఒక గాజు స్లైడు చాలు.

ఐస్ వద్దంటే ఎండలో వదిలేయమని కాదు. మే నెలలో తలుపులేసి ఎండలో నిలిపిన కారులో వేడి 50 డిగ్రీలకు చేరగలదు. అంత వేడికి ఎర్రకణాలు ముక్కలవుతాయి, మెషీన్ ఆ ముక్కలను ప్లేట్‌లెట్లుగా లెక్కేస్తుంది. నిజంగా తగ్గినవాళ్లకు బాగానే ఉన్నాయని రిపోర్టు వస్తుంది. రెండు తప్పుల్లో ఇదే ఎక్కువ భయపెట్టేది.

ప్లేట్‌లెట్లు ఎన్ని అన్నది కాక, ఒకదానికొకటి అతుక్కునే పని ఎలా చేస్తున్నాయో చూసే అగ్రిగేషన్ పరీక్షకైతే ఫ్రిజ్ మాటే ఎత్తకూడదు. సిట్రేట్ ట్యూబును గది వేడిమిలోనే ఉంచి 4 గంటల్లోపు ముగించాలి. ఒకసారి చల్లబడిన శాంపిల్‌ను మళ్లీ వెచ్చబెట్టినా పనికిరాదు.

దీన్ని సాకుగా తీసుకుని డెంగీలో తగ్గిన అంకెను కొట్టిపారేయవద్దు. నిజంగా పడిపోవడమే ఎక్కువ. జ్వరం తగ్గుతున్న రోజుల్లో కడుపునొప్పి, ఆగని వాంతులు, పెరుగుతున్న హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) ఉంటే అంకె ఎంతున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కానీ రక్తస్రావం లేని మనిషికి, స్మియర్ చూడకుండా, ఒక్క మెషీన్ అంకెను పట్టుకుని ప్లేట్‌లెట్లు ఎక్కించడం అన్యాయం. రక్తస్రావం లేనప్పుడు లెక్క 10 వేల లోపుకు దిగితేనే ముందుజాగ్రత్తగా ఎక్కించే ఆలోచన చేయాలని మన జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అనవసరంగా ఎక్కించిన ప్రతి సంచీ నిజంగా అవసరమైన ఇంకొకరికి దక్కకుండా పోతుంది.

ల్యాబుల యాజమాన్యాలకు, రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకు నా విన్నపం. శాంపిల్ పెట్టెల్లో ఊదా, నీలం మూతల ట్యూబులకు ఐస్ తగలని వేరే అర ఉంచండి. రక్తం తీసిన సమయం, పరీక్ష చేసిన సమయం రెండూ రిపోర్టు మీద అచ్చు వేయండి. ప్లేట్‌లెట్లు లక్షకు తగ్గిన ప్రతి రిపోర్టులోనూ స్మియర్ చూశారా, గుంపులు ఉన్నాయా అన్నది ఒక్క వాక్యంలో రాయించండి.

ఇట్లు,
ఒక పాథాలజీ వైద్యురాలు,
రాజమహేంద్రవరం