ఆకాశరామన్న మెయిల్‌కీ కేసు కట్టాలి

సంపాదకులకు,

అయ్యా,

2024 మే 1న ఢిల్లీ పరిసరాల్లో వందకు పైగా బడులకు బాంబు బెదిరింపు మెయిళ్లు వస్తే పిల్లల్ని ఇళ్లకు పంపి మూలమూలా వెతికారు. అదే ఏడాది అక్టోబరులో తిరుపతి హోటళ్లకు వచ్చినప్పుడూ పోలీసులు పరుగున వెళ్లి తనిఖీలు చేశారు. చెయ్యాల్సిందే, కాదనను. మరి విజయనగరంలో ఒంటరిగా ఉంటున్న టీచరమ్మకో, పలాసలో జీడిపప్పు వ్యాపారికో పేరు లేని బెదిరింపు మెయిల్ వస్తే? "బ్లాక్ చేసుకోండి, అదే పోతుంది" అని సాగనంపుతున్నారు. నా బాధంతా దీని గురించే.

నేను విజయనగరంలో నెట్ సెంటర్ నడుపుతున్నాను. హాల్‌టికెట్లు, ఉద్యోగాల దరఖాస్తులు, ఆధార్ ప్రింట్లు మా పని. అప్పుడప్పుడూ ఎవరో ఒకరు వచ్చి, పక్క కుర్చీలో వాళ్లు లేచి వెళ్లేదాకా ఆగి, ఫోన్ నా ముందు పెట్టి "బాబూ, ఇది ప్రింట్ తీసిపెట్టు" అంటారు. ఈ మధ్య ఒకావిడ తెచ్చిన మెయిల్‌లో భర్త గల్ఫ్‌లో ఉన్న సంగతి, కూతురు కాలేజీ బస్సెక్కే టైము, ఇంటి గేటు రంగు, అన్నీ ఉన్నాయి. చివర్లో డబ్బు అడిగారు. పంపినవాడి పేరు ఉండాల్సిన చోట ఏవో అక్షరాలు, అంకెలు. ఆ కాగితం పట్టుకుని స్టేషన్‌కి వెళ్తే "ఎవరు పంపారో చెప్పమ్మా, పిలిచి మాట్లాడతాం" అన్నారట. ఎవరో తెలిస్తే ఆవిడ అక్కడిదాకా ఎందుకు వెళ్తుంది? తర్వాత "1930కి ఫోన్ చెయ్యండి" అన్నారట. ఆ నంబరు ఆన్‌లైన్‌లో డబ్బు పోయినవాళ్ల కోసం. ఆవిడ డబ్బు ఇంకా పోలేదు, నిద్ర పోయింది.

ఇలాంటివాటికి సెక్షనే లేదన్న మాట కూడా ఒకటి తిరుగుతోంది. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరంగా చూసే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015లో కొట్టేసిన మాట నిజమే. బెదిరింపు నేరం మాత్రం ఎక్కడికీ పోలేదు. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 351వ సెక్షన్ అదే. పేరు దాచి బెదిరిస్తే మామూలు బెదిరింపుకు పడే శిక్ష మీద ఇంకో రెండేళ్ల వరకు జైలు వెయ్యొచ్చని అందులోని నాలుగో ఉపసెక్షన్ చెబుతోంది. అంటే పేరు లేకపోవడం ఫిర్యాదు తోసిపుచ్చడానికి కారణం కాదు, శిక్ష పెంచడానికి కారణం. ఐటీ చట్టం సెక్షన్లు పెడితే దర్యాప్తు ఇన్‌స్పెక్టర్‌కు తగ్గని అధికారి చెయ్యాలన్నదీ నిజమే. అంతమాత్రాన ఎస్సై స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకూడదని ఎక్కడా లేదు.

అసలు నష్టం ఆధారాల దగ్గర జరుగుతోంది. వెనకటి ఆకాశరామన్న ఉత్తరానికి కవరు మీద తపాలా ముద్ర ఉండేది, ఏ ఊళ్లో డబ్బాలో వేశారో దాన్నిబట్టి తెలిసేది. మెయిల్‌కీ అలాంటి ముద్రలుంటాయి, మామూలుగా కంటికి కనపడవంతే. వాటినే హెడర్ అంటారు. జీమెయిల్‌ని కంప్యూటర్‌లో తెరిచి, ఆ మెయిల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి "షో ఒరిజినల్" అంటే అవన్నీ బయటపడతాయి, అక్కడే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఫోన్‌లోని యాప్‌లో ఈ సదుపాయం లేదు. మనవాళ్లేమో స్క్రీన్‌షాట్ తీసి ఎస్సై గారి వాట్సాప్‌కి పంపుతారు, లేదా మెయిల్‌ని ఫార్వర్డ్ చేస్తారు. రెండింట్లోనూ ఆ ముద్రలు రావు. ఆపైన ఇంట్లోవాళ్లు చూస్తారేమోనని అసలు మెయిల్ డిలీట్ చేసేస్తారు. ట్రాష్‌లో ముప్పై రోజులుంటుంది, తర్వాత అదీ ఉండదు. సిగ్గుపడాల్సింది పంపినవాడైతే దాచుకునేది వీళ్లు.

హెడర్ దొరికితే దొంగ దొరికినట్టేనని నేను అనడం లేదు. జీమెయిల్ వెబ్‌సైట్ నుంచి పంపితే పంపినవాడి ఐపీ అడ్రస్ (వాడి ఇంటర్నెట్ కనెక్షన్‌కి ఉండే నంబరు) హెడర్‌లో కనపడదు, అది కంపెనీ దగ్గరే ఉంటుంది. పోలీసులు అడిగితేనే ఇస్తారు. అధికారం ఉన్న సంస్థ రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో సమాచారం ఇవ్వాలని 2021 ఐటీ నిబంధనలు చెబుతున్నాయి. లాగ్‌లు, అంటే కంప్యూటర్లలో నమోదయ్యే రాకపోకల వివరాలు, 180 రోజులు దాచాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది. ఆ గడువు "రేపు రండి, సీఐ గారు లేరు" అనే మాటలతోనే కరిగిపోతే తర్వాత ఎంత పెద్ద అధికారి పూనుకున్నా చెయ్యగలిగింది తక్కువ. ఎక్కణ్ణుంచి పంపారో తెలియకుండా దాచే వీపీఎన్ వాడే ఘనులు ఉన్నారు, నిజమే. కానీ గేటు రంగు తెలిసినవాడు ఏ రష్యాలోనో కూర్చుని ఉంటాడని నేననుకోను.

అన్ని మెయిళ్లకూ హడలిపోనక్కర్లేదు కూడా. "మీ కెమెరా హ్యాక్ చేశాం, బిట్‌కాయిన్ పంపకపోతే వీడియో బయటపెడతాం" అంటూ మీ పాత పాస్‌వర్డ్ ఒకటి చూపించే మెయిల్ గుంపుగా ఎందరికో పంపేది. ఎప్పుడో లీకైన జాబితాలోంచి ఆ పాస్‌వర్డ్ తీసి బెదిరిస్తారు. పాస్‌వర్డ్ మార్చుకోండి, డబ్బు పంపకండి, జవాబివ్వకండి. మీ ఇంటి సంగతులు రాసి పంపిన మెయిల్ వేరే రకం, దాన్ని మాత్రం వదలకూడదు.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఎస్పీలకు మీ పత్రిక ద్వారా నా విన్నపం. ప్రతి స్టేషన్‌లో ఒక కానిస్టేబుల్‌కైనా అసలు మెయిల్ హెడర్‌తో సహా సేకరించడం, కోర్టులో చెల్లడానికి కొత్త సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద కావాల్సిన సర్టిఫికెట్ రాయించడం నేర్పించండి. పోలీసు శిక్షణ కళాశాల మన విజయనగరంలోనే ఉంది, ఒక పూట తరగతి చాలు. నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఉంది. ఆన్‌లైన్‌లో పంపినా తీసుకోవాలి, మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేస్తే సరి. ఈ సంగతి స్టేషన్ గోడ మీద తెలుగులో రాయించండి. ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు రసీదు ఇవ్వండి. స్టేషన్‌లో పని కాకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లొచ్చని, ఉచిత న్యాయసాయం నంబరు 15100కి ఫోన్ చేయొచ్చని కూడా ఆ గోడ మీదే ఉంటే బాగుంటుంది.

మా సెంటర్‌కి ఇలాంటి మెయిల్‌తో ఎవరొచ్చినా ఒరిజినల్ డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తున్నాను, దీనికి డబ్బు తీసుకోను. ఆ పెన్‌డ్రైవ్ తీసుకుని తెరిచి చూసే మనిషి స్టేషన్‌లో ఉండాలి.

ఇట్లు,
నెట్ సెంటర్ నిర్వాహకుడు,
గంటస్తంభం ప్రాంతం, విజయనగరం