ఎండ మాది, పడిగాపులూ మావేనా?

సంపాదకుడికి,

అయ్యా,

ఇళ్లపై సౌర ఫలకాలు పెట్టుకున్నవారి వల్ల విద్యుత్ గ్రిడ్‌కు ముప్పు వచ్చిపడుతోందంటూ పోయిన ఆదివారం మీ పత్రిక వేసిన కథనం చదివాను. పోనీలే అని ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ఆ కథనాన్ని కత్తిరించి విద్యుత్ కార్యాలయంలో నోటీసు బోర్డుకు అంటించారని తెలిశాక ఊరుకోబుద్ధి కాలేదు. సౌర ఫలకాల కోసం మేము పెట్టుకున్న దరఖాస్తులు ఎంతవరకు వచ్చాయో చెప్పే కాగితం మాత్రం ఆ బోర్డు మీద ఏనాడూ కనబడలేదు.

ముందు ఆ ఫొటో సంగతి. కథనం నడుమ అంత పెద్ద ఫొటో వేసి, కింద ‘గ్రిడ్‌కు అనుసంధానించిన ఇంటి సౌర విద్యుత్ వ్యవస్థ’ అని రాశారు. అందులో ఉన్నది ఎండతో నీళ్లు కాచే హీటరు. వరుసగా గాజు గొట్టాలు, వాటిపైన నీళ్ల ట్యాంకు, దానికి బిగించిన పైపు కళ్లకు కట్టినట్టు కనిపిస్తున్నాయి. దాన్ని గ్రిడ్‌కు కలిపితే తీగల్లో వేడినీళ్లు పారతాయి కాబోలు! కిలోవాటుకూ (ఏ క్షణానికి ఎంత శక్తి అన్న కొలత) యూనిట్‌కూ (మొత్తం ఎంత కరెంటు అన్న లెక్క) తేడా లేకుండా ‘రోజుకు మూడు కిలోవాట్లు’ అని రాసిన వాక్యం గురించి ఇక చెప్పేదేముంది? ఒకప్పుడు ఇదే పత్రికలో చిన్న అచ్చుతప్పు దొర్లినా మర్నాడు సవరణ వేసేవారు.

ఇక అసలు విషయం. పేరు చెప్పని ఆ ఉన్నతాధికారి చేసిన మొదటి ఆరోపణ, లైనులో సరఫరా ఆపినప్పుడు ఇళ్ల నుంచి కరెంటు వెనక్కి తన్ని లైన్‌మన్ల ప్రాణం తీస్తుందని. మాట వింటే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. అయితే ఫలకాల కరెంటును ఇంటి కరెంటుగా మార్చి గ్రిడ్‌కు కలిపే ఇన్వర్టర్ అంతకు ముందే ఆ పని ఆపేసేలా తయారవుతుంది. లైనులో కరెంటు పోయిందని పసిగట్టగానే అది లైనుకు కరెంటు ఇవ్వడం మానేస్తుంది. అందుకు 2 సెకన్లు మించకూడదని ఐఈఈఈ అనే ఇంజనీర్ల సంస్థ 1547 ప్రమాణం 2003లోనే చెప్పింది. కరెంటు తిరిగి వచ్చాక కూడా ఒక్కసారిగా కలవదు. ఓల్టేజీ, ఫ్రీక్వెన్సీ (కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) కుదురుకున్నాయో లేదో చూసుకుంటూ సాధారణంగా 5 నిమిషాలు ఆగి మరీ కలుస్తుంది.

తమాషా ఏమిటంటే, అదే పుటలో రెండు కాలమ్‌ల అవతల, ‘ఇంత ఖర్చు పెట్టి బిగించినా కరెంటు పోతే ఈ ఇళ్లూ చీకట్లోనే’ అని ఎత్తిపొడిచారు. అలా చీకటి పడేది ఆ రక్షణ ఏర్పాటు వల్లే! బ్యాటరీ, ఇంటిని లైను నుంచి విడదీసే స్విచ్చు లేని చోట ఫలకాలు పట్టపగలు కూడా ఊరుకుంటాయి, స్తంభం మీద ఉన్న మనిషి క్షేమంగా దిగిరావాలని. అంటే మా ఇంటి కరెంటు లైన్‌మన్‌ను చంపుతుందన్నదీ మీరే, కరెంటు పోతే మా ఇంట్లో దీపం వెలగదన్నదీ మీరే. ఏదో ఒకటి ఎంచుకోండి. నిజంగా లైన్‌మన్ గురించే దిగులైతే, లైనునో జనరేటర్‌నో ఒకసారి ఒక్కదాన్నే ఇంటికి కలిపే చేంజోవర్ స్విచ్చు లేకుండా డీజిల్ జనరేటర్‌ను నేరుగా ఇంటి వైరింగుకు తగిలించే వారి దగ్గరకు వెళ్లాలి. వెనక్కి తన్నే కరెంటు అక్కడ ఉంది. వారిని దరఖాస్తు అడిగిన అధికారిని నేనింతవరకు చూడలేదు.

రెండో ఆరోపణ, మధ్యాహ్నం పూట ఓల్టేజీ పెరిగిపోతోందని. ఇందులో నిజం ఉంది, కాదనను. కరెంటు బయటకు పోవాలంటే ఇన్వర్టర్ దగ్గర ఓల్టేజీ లైను కంటే కాస్త ఎక్కువ ఉండాలి. సన్నటి తీగ, లైను చివర ఇల్లు, పక్కన అలాంటివే మరో నాలుగు ఇళ్లు ఉంటే పెరుగుదల తెలిసేటంత ఉంటుంది. మరి లైను ఎక్కడ మొదలవుతోందో కూడా చూడాలి కదా! సాయంత్రం అందరూ అన్నీ వేసుకున్నప్పుడు చివరి ఇంట్లో ఓల్టేజీ పడిపోకూడదని ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్‌ను, అంటే ఓల్టేజీని మెట్లుమెట్లుగా పెంచి తగ్గించే ఏర్పాటును, ముందే ఎత్తి పెట్టి ఉంచుతారు. 230 ఓల్టులు ఉండాల్సిన చోట పగలు వాడకం తగ్గగానే, మా ఇన్వర్టర్ ఇంకా నిద్ర లేవకముందే, 245 కనిపిస్తుంది. ఇన్వర్టర్ తట్టుకునే హద్దు పది శాతం హెచ్చు, అంటే 253. మధ్యలో మాకు మిగిలింది ఎనిమిది ఓల్టులు. ఎండ మండిపోతున్న వేళ ఇన్వర్టర్ తెరపై 254 అన్న అంకె పడుతుంది, పక్కన ఎర్ర దీపం వెలుగుతుంది, అంతటితో ఉత్పత్తి బంద్. కాసేపటికి అదే మళ్లీ మొదలై మళ్లీ ఆగుతుంది. తప్పు మాత్రం మా పైకప్పుదేనట.

సరఫరా కాసేపు ఆపి ట్యాప్ ఒక మెట్టు దించవచ్చు. ఇళ్లన్నీ ఒకే ఫేజు మీద పడ్డాయేమో చూసి సర్దవచ్చు. తీగ మార్చవచ్చు. ఇవేవీ చేయకపోయినా, రియాక్టివ్ పవర్‌ను (పని చేయకుండా తీగల్లో అటూ ఇటూ ఊగే శక్తిని) సర్దుబాటు చేసి ఓల్టేజీని కొంత అదుపులో పెట్టే శక్తి ఇప్పటి ఇన్వర్టర్లకే ఉంది. 1547 ప్రమాణాన్ని 2018లో తిరగరాసినప్పుడు ఆ సామర్థ్యాన్ని తప్పనిసరి చేశారు కూడా. ఆ సెట్టింగు ఏ అంకె మీద పెట్టాలో విద్యుత్ సంస్థ చెప్పాలి. ఇన్వర్టర్ బిగించిన కుర్రాడిని అడిగితే ఆఫీసును అడగమన్నాడు. ఆఫీసులో అడిగితే ‘అటువంటివి ముట్టుకోవద్దు’ అన్నారు.

నియమాలు రాసేవారు ఆలోచించకపోతే ఏమవుతుందో జర్మనీ చూపించింది. మామూలుగా 50 హెర్ట్జ్ ఉండే ఫ్రీక్వెన్సీ 50.2 దాటగానే ఇంటి వ్యవస్థలన్నీ విడిపోవాలని అక్కడ ఒక నియమం పెట్టారు. వ్యవస్థలు కొన్నే ఉన్నప్పుడు అది చెల్లింది. లక్షల్లోకి చేరాక, అవన్నీ ఒకే క్షణంలో తప్పుకుంటే గ్రిడ్ కుప్పకూలుతుందని తెలిసి కంగారుపడ్డారు. 2012లో ప్రత్యేకంగా ఉత్తర్వు తెచ్చి పాత ఇన్వర్టర్లను సరిచేయడం మొదలుపెట్టారు. ఆ దేశంలో ఎవరూ దాన్ని ఇళ్లవారి నేరంగా చూడలేదు, నియమాన్నే మార్చారు. 2024 నుంచి బాల్కనీకి తగిలించుకునే 800 వాట్ల చిన్న వ్యవస్థకైతే ప్రభుత్వ జాబితాలో నమోదు చేసుకుంటే చాలు. ఇదేమీ నిన్న మొన్న పుట్టిన విద్య కాదు. చిన్న ఉత్పత్తిదారుల కరెంటు కొనితీరాలని అమెరికా 1978లోనే చట్టం చేసింది, జర్మనీ చట్టం 1991లో అమల్లోకి వచ్చింది. మన కార్యాలయాల్లో మాత్రం ప్రతి దరఖాస్తునూ అప్పుడే ఆకాశం నుంచి ఊడిపడిన వస్తువులా తిరగేసి చూస్తారు.

మీటరు కథ చెప్పకపోతే ఈ లేఖ సగమే అవుతుంది. రెండువైపులా లెక్కించే మీటరు తెర మీద అంకెలు వంతులవారీగా మారుతుంటాయి. మొదట మేము వాడుకున్న యూనిట్లు, తర్వాత ఇంకేవో వివరాలు, ఆ తర్వాత మేము గ్రిడ్‌కు ఇచ్చిన యూనిట్లు. రీడింగ్ తీసేవారు మొదటి అంకె రాసుకుని, రెండోది వచ్చేలోపు గేటు దాటేస్తారు. బిల్లులో మేము ఇచ్చినది సున్నా. మండుటెండల నెలలో సున్నా! మీటరు తెర ఫొటో తీసి పట్టుకెళితే ఫొటోలు చెల్లవన్నారు. సిబ్బంది నమోదు చేసిందే రీడింగట. ‘మీ ఫలకాలు పని చేయడం లేదేమో, ఎవరికైనా చూపించుకోండి’ అని ఉచిత సలహా కూడా దొరికింది. మేమిచ్చిన ఆ కరెంటు మా పొరుగింటి మీటరులో పూర్తి ధరకు నమోదై ఉంటుంది, అక్కడ మాత్రం ఏ పొరపాటూ జరగదు.

మూడో ఆరోపణ కాస్త ఆలోచించదగ్గదే. స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్ల ఖర్చును సోలార్ పెట్టుకోలేని ఇళ్ల నెత్తిన రుద్దుతున్నామట. రాత్రి మేము వాడుకునేదీ ఆ తీగలనే కాబట్టి వాటికి న్యాయమైన స్థిర చార్జీ కట్టమంటే కడతాం. అందరూ ఇచ్చేది మధ్యాహ్నం, అందరికీ కావలసింది సాయంత్రం కాబట్టి రెండు వేళలకూ ఒకే ధర కుదరదన్నా అర్థం చేసుకుంటాం. అమెరికాలో హవాయి రాష్ట్రం 2015లో కొత్తవారికి పాత నెట్ మీటరింగ్ (ఇచ్చిన యూనిట్లను వాడుకున్న యూనిట్లలోంచి తీసేసే లెక్క) ఆపేసింది. కాలిఫోర్నియా 2023 ఏప్రిల్‌లో కొత్తవారికి లెక్క మార్చింది. రెండు చోట్లా ఎవరికి ఏది వర్తిస్తుందో కాగితం మీద రాసి చెప్పారు. మరో రాష్ట్రం నెవాడాలో 2015 చివర్లో, అప్పటికే పెట్టుకున్నవారికి కూడా షరతులు మార్చేశారు. జనం భగ్గుమన్నారు, 2017లో చట్టసభ దిద్దుబాటు చేయాల్సి వచ్చింది. మీ కథనంలోని అధికారి ‘ఇప్పటికే ఉన్నవారి విషయమూ పరిశీలిస్తాం’ అని నవ్వుతూ అన్నారని రాశారు. ఇరవై ఏళ్లు పనిచేసే వస్తువుకు అప్పు చేసి డబ్బు పెట్టినవాడికి అది నవ్వులాట కాదు.

అసలీ అధికారులకు పేరు ఎందుకుండదు? పథకం ప్రారంభోత్సవంలో శాలువా కప్పించుకుంటే ఫొటో కింద పేరూ హోదా సహా వేస్తారు. మమ్మల్ని దోషులుగా నిలబెట్టేటప్పుడు మాత్రం ‘ఒక ఉన్నతాధికారి’. ఫిర్యాదుల విభాగానికి ఫోన్ చేస్తే మా కాల్ ఎంతో ముఖ్యమైనదని పదేపదే యంత్రం చెబుతుంది, మనిషి పలకడు.

విలేకరిని మళ్లీ విద్యుత్ కార్యాలయానికి పంపేటట్లయితే ఒక్క విషయం కనుక్కుని రమ్మనండి. కాలిఫోర్నియాలో ఏ లైను ఇంకెంత సౌర విద్యుత్తు తట్టుకుంటుందో చూపే పటాలను విద్యుత్ సంస్థలు అందరికీ అందుబాటులో ఉంచాయి. మా వీధి ట్రాన్స్‌ఫార్మర్‌కు అటువంటి లెక్క ఉందా? ఉంటే బయట పెట్టమనండి. లేకపోతే ‘సామర్థ్యం చాలదు’ అని మా పక్కింటివారి దరఖాస్తును తిప్పికొట్టిన ఇంజనీరు దేన్ని చూసి ఆ మాట రాశారో అడిగి, ఈసారి జవాబును పేరుతో సహా ప్రచురించండి.

ఇట్లు,
మీ పత్రిక పాత చందాదారు