రెండోసారి పరీక్ష ఎందుకు చేయించరు?

సంపాదకులకు,

పదే పదే గర్భస్రావం ఎందుకవుతోందో రక్తపరీక్షతో తెలిసిపోతుందన్న వార్తలు ఈమధ్య తరచూ వస్తున్నాయి. రక్తంలో దొరికే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు (జన్యువుల పనిని అదుపుచేసే చిన్న అణువులు), కొన్ని ప్రోటీన్ల మీద పరిశోధన జరుగుతున్న మాట నిజమే. అన్ని పరీక్షలూ చేసినా దాదాపు సగం జంటల్లో కారణం దొరకదు కాబట్టి జరగాలి కూడా. కానీ డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో రక్తం తీసే ఉద్యోగం చేస్తున్న నాకు రోజూ కనిపించే సమస్య వేరు.

ఈ బాధతో వచ్చేవాళ్ల ఫైళ్లు లావుగానే ఉంటాయి. టార్చ్ (కొన్ని ఇన్ఫెక్షన్ల పరీక్ష), ఎంటీహెచ్‌ఎఫ్‌ఆర్ (ఒక జన్యు పరీక్ష), ఎన్‌కే కణాలు (ఒక రకం రోగనిరోధక కణాల పరీక్ష)... అన్నీ వేలకు వేలు పోసి చేయించుకున్నవే. ఈ సమస్యకు టార్చ్ వల్ల ఉపయోగం లేదని బ్రిటన్ ప్రసూతి వైద్యుల కాలేజీ 2011లోనే చెప్పింది. ఎన్‌కే కణాల పరీక్షను సిఫార్సు చేసేంత ఆధారం లేదని యూరప్ సంతాన వైద్యుల సంఘం అంటోంది. అయినా చీటీల మీద ఇవి వస్తూనే ఉన్నాయి.

నిజంగా చికిత్సకు దారి చూపే రక్తపరీక్ష ఒకటుంది: యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలది. ఒంట్లోనే పొరపాటున తయారై, రక్తం గడ్డకట్టేలా చేసే యాంటీబాడీలివి. పరీక్షలో లూపస్ యాంటీకోయాగ్యులెంట్, యాంటీకార్డియోలిపిన్, బీటా-2 గ్లైకోప్రోటీన్ అని మూడు భాగాలు. ఈ యాంటీబాడీలు ఉన్నవాళ్లకు గర్భధారణలో ఆస్పిరిన్‌తో పాటు హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్) ఇస్తే ఫలితం ఉంటుంది. 1997లో లండన్‌లో 90 మందిపై చేసిన అధ్యయనంలో ఆ రెండూ వాడినవాళ్లలో 71 శాతం మందికి, ఆస్పిరిన్ ఒక్కటే వాడినవాళ్లలో 42 శాతం మందికి బిడ్డ దక్కింది. అయితే ఏదైనా ఇన్ఫెక్షన్ వచ్చినా కొన్నాళ్లు పాజిటివ్ రావచ్చు. అందుకే కనీసం 12 వారాల తర్వాత మళ్లీ చేసి నిర్ధారించుకోవాలి. నేను చూసే ఫైళ్లలో ఆ రెండో రిపోర్టు ఉండటమే అరుదు! మొదటిసారి పాజిటివ్ అనగానే పొట్టలో హెపారిన్ ఇంజెక్షన్లు మొదలవుతాయి. అవి వాడుతూ వచ్చి శాంపిల్ ఇస్తే లూపస్ ఫలితాన్ని నమ్మలేం. ఈ పరీక్షకు రక్తం తీసే నీలం మూత ట్యూబు గీత దాకా నిండకపోయినా అంతే. ఆ సంగతి మాకు తెలుసు, పేషెంటుకు చెప్పేవాళ్లే లేరు.

(క్రోమోజోమ్ పరీక్ష రాసినప్పుడు భర్త రక్తం కూడా కావాలంటే ‘నాకెందుకండీ?’ అంటారు. అత్తగారికైతే కోపమే వస్తుంది.)

రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలనూ కోరేది ఇదే. ఈ మూడు పరీక్షలూ బోధనాసుపత్రులన్నింటిలో ఉచితంగా దొరకాలి. గర్భం నిలిచినప్పుడు ఆశా కార్యకర్త రిజిస్టరులోకి ఎక్కిన పేరును, గర్భం పోగానే వదిలేయకుండా 12 వారాలకు ఫోన్ చేసి పరీక్షకు పిలిపించాలి. ఇంకా పరిశోధన దశలో ఉన్న పరీక్ష ఏదైనా అమ్మే ల్యాబులు, డబ్బు కట్టించుకునే ముందే ఆ మాట చీటీ మీద తెలుగులో రాసివ్వాలి.

– ఒక ల్యాబ్ టెక్నీషియన్, హనుమకొండ