పెద్ద ప్రింటుకు ముందు అసలు ఫైలు అడగండి

సంపాదకులకు నమస్కారం.

కిందటేడు మా అమ్మ పోయింది. కిటికీ పక్కన కూర్చుని, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని నవ్వుతున్న ఫొటో ఒకటుంది. మా తమ్ముడు కెమెరాతో తీశాడు. దాన్ని 36 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తున ప్రింటు వేయించాలనుకున్నాం. నా ఫోన్‌లో ఉంది కదా అని, వాట్సాప్‌లో వచ్చిన కాపీనే స్టూడియోకి పంపేశాను. వాళ్లూ మారు మాట్లాడకుండా వేసిచ్చారు.

గుమ్మంలో నిలబడి చూస్తే బాగానే ఉంది. దగ్గరికి వెళ్లేసరికి ప్రాణం ఉసూరుమంది. కళ్లజోడు అంచు మెట్లు మెట్లుగా విరిగింది. చెంప మీద, పాపిట పక్కన నాలుగైదు మిల్లీమీటర్ల చదరాలు తేలి కనిపిస్తున్నాయి. అవి ఎక్కడివో తర్వాత తెలుసుకున్నాను. ఫొటో ఫైలు సైజు తగ్గించే జేపెగ్ పద్ధతి, బొమ్మను అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది పిక్సెళ్లు (బొమ్మలోని చిన్న చుక్కలు) ఉండే చదరాలుగా విడగొట్టి కుదిస్తుంది. నేను పంపిన కాపీ వెడల్పు 1,600 పిక్సెళ్లే. 36 అంగుళాలకు సాగదీస్తే అంగుళానికి 44 పిక్సెళ్లు. ఇక ఆ చదరాలు బయటపడక ఏమవుతాయి?

మళ్లీ వేసిస్తామన్నారు. ఫైల్లో 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు అని మార్చారట. ఆ అంకె మారిస్తే ఒక్క పిక్సెల్ కూడా పెరగదు. తర్వాత ఏఐ సాఫ్ట్‌వేర్‌తో బాగుచేశామని ఇంకో ప్రింటు చూపించారు. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. కానీ ఎడమ చెంప మీది పుట్టుమచ్చ లేదు. నవ్వితే కంటి పక్కన పడే ముడతలు లేవు. ఫైల్లో లేని వివరాన్ని అది ఊహించి నింపుతుంది. చూసినవాళ్లు బాగుందనే అన్నారు. నాకు మాత్రం అందులో అమ్మ కనపడలేదు. ఆ ప్రింటు వద్దని చెప్పి వచ్చేశాను.

చివరికి తమ్ముడి కెమెరా కార్డులో అసలు ఫైలు దొరికింది. 6,000 × 4,000 పిక్సెళ్లు. అదే సైజుకు అంగుళానికి 167 దాకా వస్తాయి. రెండడుగుల దూరం నుంచి చూసే కంటికి అది చాలు. చేతిలో పట్టుకుని చూసే చిన్న ఫొటోకు చెప్పే 300 ఇంత పెద్ద ప్రింటుకు అక్కర్లేదు. ఈసారి ముందుగా ముఖం వరకు అసలు సైజులోనే చిన్న కాగితం మీద వేయించి చూసుకున్నాం. కంప్యూటర్‌లో కన్నా చీకటిగా వచ్చింది. తెరకు సొంత వెలుగుంటుంది, కాగితానికి ఉండదు కదా. వెలుతురు కొంచెం పెంచి, మెరుపు లేని మ్యాట్ కాగితం మీద వేయించాం. పుట్టుమచ్చ ఉంది. నుదుటి మీది కళ్లజోడు అద్దంలో కిటికీ చువ్వలు కూడా కనపడుతున్నాయి.

ప్రింటింగ్ చేసేవాళ్లకు నాదొక విన్నపం. ఆర్డరు తీసుకునే ముందు ఫైలు ఎన్ని పిక్సెళ్లుందో చూడండి. 'అసలు ఫైలుందా?' అని ఒక్క మాట అడగండి. వాట్సాప్‌లోనే పంపాలంటే ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమనండి, అప్పుడు ఫైలు తగ్గకుండా వస్తుంది. ముఖాల మీద ఏఐ వాడేటట్లయితే మాతో చెప్పి వాడండి. ఇలాంటి ఫొటో తెచ్చేవాళ్లలో చాలామందికి ఆ మనిషిని మళ్లీ ఫొటో తీసే అవకాశం ఉండదు.

మీ పత్రికలో కూడా దీని గురించి నలుగురికీ అర్థమయ్యేలా ఒక వ్యాసం వేయండి. ఫొటోలు అందరికీ పంపేశాను కదా అని మా తమ్ముడు ఆ వారంలోనే కార్డు ఫార్మాట్ చేద్దామనుకున్నాడు.

— ఒక పాఠకురాలు